'వ్యక్తిగతం' అనే తెర: సమాచార రక్షణ చట్టం, పత్రికా స్వేచ్ఛ – ఒక పాఠ పరిశీలన

పాత ప్రతులను పరిష్కరించే పండితుడికి ఒక పద్యంలో పాదం లోపించినట్టు కనిపిస్తే, ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది. అది లేఖకుడి చేతిలో జారిపోయిందా, లేక ఎవరైనా కావాలని తీసేశారా? జారిపోయినదాన్ని వెతికి పూరించవచ్చు. బమ్మెర పోతన భాగవతంలో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయలు పూరించారని సాహిత్య చరిత్రలు చెబుతున్నాయి. (పోతన జన్మస్థలంపై ఒంటిమిట్ట వాదాన్ని పక్కన పెడితే, ఆ బమ్మెర నేటి జనగామ జిల్లాలోనే ఉంది.) కావాలని తీసేసిన పాఠం విషయం వేరు. అక్కడ పూరణ కన్నా ముందు, ఆ పాదం ఎవరికి అడ్డు వచ్చిందో తేల్చాలి.

ఇలాంటి పాఠ పరీక్ష ఇప్పుడు ఒక శాసనానికి అవసరమైంది. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది. ఏయే సమాచారాన్ని ఇవ్వకుండా ఉండవచ్చో చెప్పే అందులోని సెక్షన్ 8(1)లో 'జె' అనే ఉపనిబంధన వ్యక్తిగత సమాచారానికి సంబంధించింది. దాని పాత పాఠంలో నాలుగు భాగాలున్నాయి. ప్రజా కార్యకలాపాలతో గానీ ప్రజా ప్రయోజనంతో గానీ సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వనవసరం లేదన్నది మొదటిది. ఒక మనిషి ఏకాంతంలోకి అకారణంగా చొరబడే సమాచారం కూడా అంతే అన్నది రెండవది. విస్తృత ప్రజా ప్రయోజనం ఉందని అధికారి భావిస్తే వీటినీ ఇవ్వవచ్చన్నది మూడవది. పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ పౌరుడికీ నిరాకరించరాదన్నది నాలుగవది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన 44(3) సెక్షన్ ద్వారా ఈ ఉపనిబంధన మొత్తాన్నీ మార్చింది. నాలుగు భాగాల స్థానంలో ఒక్క పదబంధం మిగిలింది. సమాచారం వ్యక్తిగతమైతే చాలు, ఇవ్వనవసరం లేదు.

షరతులన్నీ పోయి షరతులకు లోబడిన మాట మాత్రం నిలిచిందంటే దాన్ని సంక్షిప్తీకరణ అనడం కుదరదు. విశేషణాన్ని తీసేస్తే విశేష్యం విస్తరిస్తుందని వ్యాకరణం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

అమలు క్రమం ఈ మార్పు స్వభావాన్ని మరింత బయటపెడుతుంది. ఈ చట్టానికి నిబంధనలు 2025 నవంబరు 14న వెలువడ్డాయి. పౌరుడి డేటాను సేకరించే సంస్థలు సమ్మతి తీసుకోవడం, భద్రత కల్పించడం, కోరితే తుడిచివేయడం వంటి ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. సమాచార హక్కు చట్టానికి చేసిన సవరణకు మాత్రం గడువేమీ లేదు. అది ఆ రోజే అమల్లోకి వచ్చింది. పౌరుడికి ఇస్తామన్న కవచం 2027 దాకా ఆగవలసిందే. దస్త్రాల మీద తెర మాత్రం మొదటి రోజే పడింది. వ్యక్తి గోప్యతే ఈ శాసన లక్ష్యమని వాదించేవారు ముందుగా ఈ క్రమానికి కారణం చెప్పాలి.

ఒకే మాట, రెండు అర్థాలు

తెలుగు శాఖలకు నేరుగా సంబంధించిన చిక్కు ఒకటి ఇక్కడుంది. డేటా రక్షణ చట్టం ప్రకారం, ఎవరిదో గుర్తించడానికి వీలైన ఏ వివరమైనా వ్యక్తిగత డేటాయే. పేరు ఉంటే చాలు. డేటాను యంత్రాల ద్వారా వాడుకునే కంపెనీలను కట్టడి చేయడానికి ఇంత విశాలమైన నిర్వచనం అవసరమే కావచ్చు. సమాచార హక్కు చట్టంలోని 'వ్యక్తిగత సమాచారం' అనే మాటకు అసలు నిర్వచనమే లేదు. దాని హద్దులను ఇన్నాళ్లూ పక్కనున్న షరతులే గీశాయి. ఇప్పుడు ఆ షరతులు లేవు. హద్దు చెరిగిన మాటను, హద్దే లేని నిర్వచనం పక్కన నిలబెట్టారు. తెలుగులోకి వచ్చేసరికి డేటా అన్నా, ఇన్ఫర్మేషన్ అన్నా చాలాచోట్ల 'సమాచారం' అనే రాస్తున్నారు. కాబట్టి రెండు చట్టాల్లోని రెండు భావనలూ 'వ్యక్తిగత సమాచారం' అనే ఒకే ముద్ర వేసుకుని మండల కార్యాలయంలోని పౌర సమాచార అధికారి బల్ల మీదికి చేరతాయి. పేరున్న ప్రతి కాగితమూ వ్యక్తిగతమే అని అతడు చదివితే తప్పు పట్టడం కష్టం. చదవకుండా ఉండే ధైర్యం అతడికి ఎందుకుంటుంది?

తెలుగులో 'గుట్టు' అనే మాట ఉంది. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. గుట్టు ఇంటిది, ఒంటిది, మనసుది. కార్యాలయానికి ఉండేది రికార్డు. పని పూర్తయిందని ఇంజనీరు పెట్టిన సంతకం, విచారణ నివేదికలో దోషిగా తేలిన ఉద్యోగి పేరు, బిల్లు ఎత్తుకున్న గుత్తేదారు చిరునామా ఎవరి ఇంటి గుట్టూ కావు. 'వ్యక్తికి సంబంధించిన' అన్న అర్థానికీ 'వ్యక్తి ఏకాంతానికి చెందిన' అన్న అర్థానికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ సవరణ చెరిపేసింది. తెలుగు జనవ్యవహారంలో ఆ దూరం ఎప్పటినుంచో స్పష్టంగానే ఉంది.

పేర్లే సాక్ష్యం

పేరు లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఉపాధి హామీ సామాజిక తనిఖీల కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2006లో ఆ పథకం మొదలైనప్పుడు తొలి విడతలో చోటు దొరికిన జిల్లాల్లో ఉమ్మడి వరంగల్ ఒకటి. నేటి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో చాలా భాగం 2016 అక్టోబరు దాకా అందులోనిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ తనిఖీల కోసం 2009లో ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది. తనిఖీ బృందం మస్టర్ రోళ్లు చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. ఈ వారం పనికి వెళ్లావా, ఇంత కూలి అందిందా అని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడుగుతుంది. తర్వాత గ్రామసభలోనూ, మండల కేంద్రంలోని ప్రజావేదికలోనూ ఆ వివరాలను బిగ్గరగా చదువుతారు. అధికారులు అక్కడే జవాబు చెప్పుకోవాలి.

మౌఖిక సంప్రదాయాలను అధ్యయనం చేసేవారు ఈ ప్రజావేదికను ఇంతవరకు పెద్దగా పట్టించుకోలేదు. కాగితం మీదున్న పేరు గొంతులోకి వచ్చి జనం మధ్య పడ్డప్పుడే అబద్ధం బయటపడే సన్నివేశమది. చచ్చిపోయిన మనిషి పేరు మస్టరులో ఉంటే, అతడు పోయి ఎన్నేళ్లయిందో చెప్పడానికి ఊరంతా సాక్షి. వలస పోయిన మనిషి ఊళ్లో మట్టి తవ్వినట్టు రాసి ఉంటే పక్కింటివాళ్లే నవ్వుతారు. 'ఈ గ్రామంలో 312 మంది కూలీలు పనిచేశారు' అని మాత్రమే చదివితే నవ్వేవారూ ఉండరు, లేచి నిలబడేవారూ ఉండరు. అంకె దగ్గర ఊరికి చెప్పడానికి ఏమీ ఉండదు. మండల విలేకరి రాసే వార్తకు మూలమూ ఆ పేర్లే.

ఈ వాదానికి ప్రభుత్వం జవాబు చెప్పకపోలేదు. 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ డేటా రక్షణ చట్టంలోని 3వ సెక్షన్‌ను చూపారు. ఉపాధి హామీ వంటి సంక్షేమ పథకాల్లో చట్టప్రకారం వెల్లడించవలసిన వివరాలు ఇకమీదటా వెల్లడవుతాయని అన్నారు. ఆ మాట నిజమే అనుకుందాం. అప్పుడు మస్టర్ రోలు బతుకుతుంది. కానీ మస్టర్ రోలులో మోసం బయటపడ్డాక ఏం జరిగిందన్నది వేరే దస్త్రంలో ఉంటుంది. ఎవరిమీద విచారణ జరిగింది, ఎంత వసూలైంది, సస్పెండైన ఉద్యోగిని ఎవరి ఉత్తర్వుతో మళ్లీ తీసుకున్నారు? వీటిని తనంతట తాను ప్రకటించాలని ఏ చట్టమూ కార్యాలయాన్ని నిర్దిష్టంగా శాసించడం లేదు. ఎవరో ఒకరు అర్జీ పెట్టి అడిగితేనే అవి బయటికొస్తాయి. మంత్రి హామీ, అడగకుండానే దొరికే కాగితాలకు మాత్రమే వర్తిస్తుంది. సమాచార హక్కు పుట్టింది అడిగినా దొరకని కాగితాల కోసం.

రెండో జవాబు మరింత పాండిత్యంతో వస్తుంది. సెక్షన్ 8(2) చెక్కుచెదరలేదు కదా, ప్రజా ప్రయోజనం హాని కన్నా ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చని అది చెబుతోంది కదా అని. ఇక్కడ పాఠాన్ని జాగ్రత్తగా చదవాలి. పాత 'జె' ప్రకారం ప్రజా కార్యకలాపంతో సంబంధమున్న వివరం అసలు మినహాయింపులోకే రాదు. దాన్ని ఇవ్వడం అధికారి విధి. 8(2) మాత్రం మినహాయింపులో పడిపోయిన సమాచారాన్ని బయటికి తీసే దయాధికారం. 'ఇవ్వవచ్చు' అంటుందే గాని 'ఇవ్వాలి' అనదు. ఇంకొకటి: అర్జీదారు ఎందుకు అడుగుతున్నాడో కారణం చెప్పనక్కరలేదని అదే చట్టంలోని సెక్షన్ 6(2) అంటోంది. ఇప్పుడు ప్రజా ప్రయోజనాన్ని రుజువు చేసే బరువు ఆచరణలో అర్జీదారు నెత్తినే పడుతుంది. కారణం చెప్పనక్కరలేని హక్కు, కారణం ఒప్పుకుంటేనే దక్కే విన్నపమైంది. పాత పాఠం ఉండగానే 2012లో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు ఒక ఉద్యోగికి ఇచ్చిన మెమోలను, ఆస్తి వివరాలను వ్యక్తిగతమని భావించింది. షరతులున్నప్పుడే అంత సంకోచించిన పాఠం, షరతులు పోయాక విశాలంగా తెరుచుకుంటుందని నమ్మడానికి ఆధారమేదీ లేదు.

మేడిగడ్డ సంగతే చూడవచ్చు. భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలంలోని ఈ బరాజ్ 2019 జూన్‌లో ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. 2024లో జస్టిస్ పినాకీ చంద్ర ఘోష్ కమిషన్ ఏర్పడింది, 2025 జూలై 31న నివేదిక ఇచ్చింది. ఇంత పెద్ద కట్టడానికి కమిషన్ వచ్చింది. అదే జిల్లాలో ఒక చిన్న చెరువు తూముకో, పాఠశాల గదికో, అంగన్‌వాడీ ప్రహరీకో కమిషన్ రాదు. వాటికి దిక్కు ఒక స్థానిక విలేకరి, పది రూపాయల అర్జీ. పని నాణ్యత పరీక్షించి సంతకం పెట్టిందెవరు అన్న ప్రశ్నకు 'అది ఆ ఉద్యోగి వ్యక్తిగత సమాచారం' అనే జవాబు ఇవాళ శాసనబద్ధంగా సాధ్యమవుతోంది. ఆ జవాబు ఎక్కడా రాకపోవచ్చునని ఆశపడటం ఒకటి, రావడానికి దారి వేసి ఉంచడం ఒకటి.

భూమి రికార్డుల్లో ఈ ప్రాంతం ఇలాంటి తొలగింపును ఒకసారి చూసింది. పహాణీలో పట్టాదారు పేరు పక్కన అనుభవదారు కాలం ఉండేది. భూమి ఎవరి పేర ఉంది అన్నది ఒకటైతే, దున్నుతున్నదెవరు అన్నది రెండవది. ధరణి కాలానికి ఆ రెండో గడి కనుమరుగైంది. పట్టాదారు కోరితే తన భూమి వివరాలను ఇతరుల కంటపడకుండా దాచుకునే వెసులుబాటూ ఆ పోర్టల్‌లోకి వచ్చింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ పోరాటమంతా ఆ రెండో గడి పోరాటమే. మల్లంపల్లి దొరల భూమిని కౌలుకు తీసుకుని దున్నింది ఆమె; పంట మీద కన్ను వేసింది విసునూరు దేశ్‌ముఖ్. కాగితంలో ఒక గడి పోతే ఒక వర్గమే కనబడకుండా పోతుందని జనగామ చరిత్ర తెలిసినవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. అయినా విశ్వవిద్యాలయాల్లో ఐలమ్మ మీద సదస్సులు జరిగినంత ఉత్సాహంగా అనుభవదారు కాలం మీద చర్చ జరగలేదు.

విలేకరికి మినహాయింపు ఏమైంది?

సమాచార హక్కు సవరణ ఒక్కటే అయితే ఈ చర్చ సగంతో ముగిసేది. పత్రికలకు సంబంధించిన మరో తొలగింపు కూడా ఉంది. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలో పాత్రికేయ ప్రయోజనాలకు మినహాయింపు ఉంది. 2019 బిల్లులోనూ, నీతి నియమావళిని పాటించాలన్న షరతుతో, అది నిలిచింది. 2022 ముసాయిదాలో మాయమైంది. 2023 చట్టంలోకి తిరిగి రాలేదు. నాలుగేళ్లు ఉన్న వాక్యం ఎందుకు పోయిందో శాసన పాఠంలో ఎక్కడా వివరణ లేదు. ఎడిటర్స్ గిల్డ్ ఆందోళన తెలిపినా మార్పు రాలేదు.

ఐరోపా సమాఖ్య డేటా నియంత్రణ శాసనం 85వ అధికరణంలో పాత్రికేయ వ్యక్తీకరణతో పాటు విద్యాసంబంధ, కళాత్మక, సాహిత్య వ్యక్తీకరణలను కూడా పేరు పెట్టి ప్రస్తావించింది. సభ్యదేశాలు వాటికి మినహాయింపులు కల్పించాలని నిర్దేశించింది. భారతీయ చట్టంలో సాహిత్యం అన్న మాటే లేదు. బతికున్న మనుషుల పేర్లతో రాసిన ఆత్మకథ ఈ-పుస్తకంగా వచ్చినా, జీవితచరిత్ర అంతర్జాలంలో ధారావాహికగా సాగినా, ఆ పేర్లు వ్యక్తిగత డేటా అని చట్టాన్ని చదవడానికి వీలుంది. దళిత, బహుజన ఆత్మకథల్లో వివక్ష చూపినవారి పేర్లు ఉంటాయి. అవి ఉండటమే ఆ రచనల బలం. వారి సమ్మతి తీసుకుని రాయమనడం ఎంత హాస్యాస్పదమో వేరే చెప్పాలా?

జరిమానాల విషయంలో ఈ చట్టాన్ని విమర్శించేవారు కూడా కొంత అతిశయోక్తికి పోతున్నారు. 250 కోట్ల రూపాయల గరిష్ఠ జరిమానా భద్రతా ఏర్పాట్లు చేయని సంస్థలకు. ప్రత్యేకంగా పేర్కొనని ఇతర ఉల్లంఘనలకు గరిష్ఠం 50 కోట్లు. అతిశయోక్తి అవసరమే లేదు. డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే ప్రతివారూ చట్టం దృష్టిలో బాధ్యులే. తొర్రూరులోనో చిట్యాలలోనో ఒక ఫోను, ఒక మైకుతో యూట్యూబ్ వార్తలు నడిపే మనిషికి 50 కోట్లూ 250 కోట్లూ ఒకటే. అతడి మీద జరిమానా పడనవసరం కూడా లేదు; నోటీసు వస్తుందన్న మాట చాలు. లైను అకౌంటు మీద బతికే కంట్రిబ్యూటరుకు న్యాయవాదిని పెట్టే స్తోమత ఉండదు, పెద్ద పత్రిక యాజమాన్యం వెనకేసుకొస్తుందన్న భరోసా అంతకన్నా ఉండదు. దీనికి తోడు సెక్షన్ 36 కింద కేంద్ర ప్రభుత్వం ఇలాంటి బాధ్యుల నుంచి సమాచారం కోరవచ్చు. విలేకరికి వివరం చెప్పిన గుమాస్తా పేరు ఆ సమాచారంలో ఉండదన్న హామీ చట్టంలో లేదు.

పత్రికల పాపాలు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి, చాలా ఉన్నాయి. 2019 నవంబరులో శంషాబాద్ సమీపంలో అత్యాచారానికి, హత్యకు గురైన వైద్యురాలి అసలు పేరు, ఫొటో దేశమంతా తిరిగాక గాని 'దిశ' అనే పేరు పుట్టలేదు. ఆత్మహత్య చేసుకున్న రైతు ఇంట్లో కెమెరా ఎంతవరకు వెళ్లాలో తెలుగు చానెళ్లు ఇంకా నేర్చుకోలేదు. అయితే బాధితురాలి పేరు వెల్లడిని నిషేధించే శిక్షాస్మృతి నిబంధన అప్పటికే ఉంది. లోపం అమలుది. ఆ లోపానికి మందుగా జలవనరుల శాఖ ఇంజనీరు పేరును దాచడం ఏ తర్కానికీ అందదు.

అసలు గోప్యత అవసరమైనవాళ్లు ఎవరు? 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో తెలంగాణలోని ఇళ్లన్నీ తలుపులు తెరిచి సమగ్ర కుటుంబ సర్వేకు వివరాలిచ్చాయి. 2024 నవంబరులో మళ్లీ ఇంటింటి సర్వే వచ్చింది. ఉప ప్రశ్నలతో కలిపి 75 ప్రశ్నలు. కులం, అప్పు, ఆస్తి, జబ్బు, ఏదీ మిగల్చలేదు. మహబూబాబాద్ పోడు రైతు పట్టా కోసం, పింఛను కోసం, రేషను కోసం తన జీవితమంతా అచ్చు పెట్టి ఇస్తూనే ఉన్నాడు. డేటా రక్షణ చట్టం అతడికి ఏమిచ్చింది? రాయితీలు, ప్రయోజనాలు ఇచ్చేందుకు ప్రభుత్వం డేటా వాడుకోవడాన్ని సెక్షన్ 7 చట్టబద్ధం చేసింది. తాను నిర్ణయించిన ప్రభుత్వ సంస్థలకు చట్టం నుంచే మినహాయింపు ఇచ్చే అధికారాన్ని సెక్షన్ 17 కేంద్రానికి కట్టబెట్టింది. పౌరుడు రాజ్యానికి గాజు సీసా, రాజ్యం పౌరునికి మట్టి కుండ. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి తీర్పులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది ప్రధానంగా రాజ్యం చూపు నుంచి మనిషిని కాపాడటానికి. అధికారిక విధుల నిర్వహణ విషయంలో ప్రభుత్వోద్యోగులు గోప్యతను అడ్డుపెట్టుకోలేరని, ప్రజా రికార్డుల ఆధారంగా రాసిన రాతలకు ఆ అభ్యంతరం సాధారణంగా చెల్లదని సుప్రీంకోర్టు 1994లోనే ఆర్. రాజగోపాల్ కేసులో చెప్పింది.

అందువల్ల ఈ విషయంలో తరచూ వినిపించే 'సమతౌల్యం' అనే మాటను అనుమానించాలి. తక్కెడలో గోప్యత ఒకవైపు, పత్రికా స్వేచ్ఛ మరోవైపు పెట్టి తూచడం చూడముచ్చటగానే ఉంటుంది. పాత 'జె' చేసింది సరిగ్గా ఆ పనే. తూచడమే దాని నిర్మాణం. సవరణ తీసేసింది తక్కెడనే. తీసేసినవారు సమతౌల్యం గురించి మాట్లాడటం విడ్డూరం.

గాదెకు మినహాయింపు

పరిశోధనకు మినహాయింపు ఉంది కదా అన్న నిశ్చింత తెలుగు శాఖల్లో వినిపించే ప్రమాదం ఉంది. ఉంది, నిజమే. పరిశోధన, భద్రపరచడం, గణాంకాల కోసం నిర్ణీత ప్రమాణాలకు లోబడి డేటాను వాడుకోవచ్చని సెక్షన్ 17(2)(బి) అంటోంది. కానీ పరిశోధన గాదె మాత్రమే. గింజ పండేది పత్రికలో, అర్జీలో, వాంగ్మూలంలో. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను మొదలుపెట్టకపోతే నైజాం తెలంగాణ సాహిత్య చరిత్రలో ఎన్ని అధ్యాయాలు ఖాళీగా ఉండేవో ఆ సంచికలు తిరగేసినవారికి తెలుసు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివారి మాటలను నమోదు చేసినప్పుడు, ఆ మాటల్లో దొరల పేర్లు, నాయకుల పేర్లు, సొంతవాళ్ల పేర్లు కూడా వచ్చాయి. ఎవరి పేరు దాచాలి, ఎవరిది చెప్పాలి అన్నది అక్కడ చెప్పే స్త్రీల, రాసే స్త్రీల మధ్య తేలవలసిన నైతిక ప్రశ్న. దాన్ని నిందితుడి సమ్మతి పత్రంగా మార్చే శాసనం కింద అలాంటి పుస్తకం ఇవాళ డిజిటల్ రూపంలో వస్తే, పరిశోధన మినహాయింపు దానికి వర్తిస్తుందో లేదో తేల్చేది కేంద్రం నియమించిన బోర్డు.

నాటి మానుకోట తాలూకాలో పుట్టిన షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో రజాకార్లు చంపారు. రాసే చేతిని నరికారు. 'ఇమ్రోజ్' సంపాదకుడిగా అతడు రాసినవాటిలో ఎవరి ఇంటి గుట్టూ లేదు. అధికారంలో ఉన్నవారి పనులు, పేర్లు ఉన్నాయి.

ఇక తెలుగు శాఖల చేతిలో ఉన్న పని ఒకటి. ఈ రెండు చట్టాల తెలుగు పాఠాల్లో డేటాకు, సమాచారానికి వేరు మాటలు నిలబెట్టాలి. 'వ్యక్తిగత' అన్న చోట గుర్తింపు వివరమా, ఏకాంత విషయమా అన్నది తేటపడేలా పరిభాషను నిర్ణయించి రాష్ట్ర సమాచార కమిషన్లకు, అధికార భాషా సంఘాలకు పంపాలి. తొలగించిన నాలుగు భాగాలను పాఠాంతరంగా పక్కనే అచ్చువేయాలి. మండల కార్యాలయంలో అర్జీ తిరస్కరించే అధికారికీ, ఆ తిరస్కరణ మీద అప్పీలు రాసుకునే విలేకరికీ చేతికందేది ఆ తెలుగు పాఠమే.